తాతారావు కారు కదలనన్న రోజు

వశిష్ఠ గోదావరి ఒడ్డున ఓడలమెరక అనే ఊళ్ళో ముత్యాల తాతారావు అని ఒక ఐసు ఫ్యాక్టరీ యజమాని ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, దారికి ఏదైనా అడ్డు వస్తే అది ఎందుకు వచ్చిందో కనుక్కునే ఓపిక ఆయనకు పుట్టుకతోనే లేదు.

రైలు గేటు వేసి ఉంటే మోటారు సైకిలును పక్కకు వంచి కిందనుంచి దూర్చేసేవాడు. తలుపు మీద 'లోనికి రాకూడదు' అని రాసి ఉంటే ముందు తోసేవాడు, తరవాత చదివేవాడు. ఒకసారి ఫ్యాక్టరీలో ఫ్యూజు మాటిమాటికీ పోతూ వచ్చింది. కరెంటు పని చేసే ఆయన వచ్చి, "ఎక్కడో లోడు ఎక్కువవుతోందండీ, చూడాలి" అన్నాడు.

"చూడ్డానికేముంది? తీగ సన్నంగా ఉంది, కాలిపోతోంది. లావు తీగ చుట్టు" అన్నాడు తాతారావు.

చుట్టారు. ఆ తరవాత ఫ్యూజు మళ్ళీ ఎప్పుడూ పోలేదు. మోటారే పోయింది.

ఫ్యూజు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వెనకటి ఇళ్ళలో తెల్లటి పింగాణీ ఫ్యూజులుండేవి. ఇంటి పెద్ద స్టూలెక్కి, దాన్ని ఊడబెరికి, నోట్లో ఒక తీగ ముక్క పట్టుకుని చుడుతూ ఉంటే, కింద ఇల్లాలు స్టూలు పట్టుకుని నిలబడేది. ఆ తీగ ఎందుకంత సన్నంగా చేశారని అడిగిన ఇంటి పెద్దలు తక్కువ. తను కాలిపోయి ఇంటిని మిగల్చడానికి చేశారు దాన్ని. సరే, మన కథ ఫ్యూజు గురించి కాదు.

తాతారావు భార్య భ్రమరాంబ. ఆవిడ తీరు వేరు. పాలు విరిగితే పారబోసే ముందు గిన్నె వాసన చూసి, ఎందుకు విరిగాయో తేల్చుకునే మనిషి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన తోస్తూ ఉండేవాడు, ఆవిడ ఎందుకని అడుగుతూ ఉండేది. సంసారం సాగిపోతూ ఉండేది.

ఒక వేసవిలో తాతారావు ఆటోమేటిక్ కారు కొన్నాడు. మామూలు కారుకు కాలి కింద మూడు పెడల్సు ఉంటాయి, దీనికి రెండే. క్లచ్చి లేదు. గేరు రాడ్డు పక్కన ఇంగ్లీషు అక్షరాలుంటాయి. 'పి' దగ్గర పెడితే బండి గూటం కొట్టినట్టు నిలబడిపోతుంది. 'డి' దగ్గర పెడితే, యాక్సిలరేటరు ముట్టుకోకపోయినా నెమ్మదిగా ముందుకు పాకుతుంది. అయితే 'పి' లోంచి రాడ్డును కదపాలంటే ముందు బ్రేకు తొక్కి తీరాలి. తొక్కకపోతే రాడ్డు రాదు. ఆపేవాడి కాలు బ్రేకు మీద లేకుండా బండిని వదలకూడదని, చేసినవాళ్ళు పెట్టిన కట్టుబాటు అది.

షోరూములో కుర్రాడు ఇదంతా వివరించబోతే తాతారావు, "తెలుసులేవయ్యా, తాళాలియ్యి" అన్నాడు.

కారు ఇంటికి రాగానే పూజ చేయించి, డ్యాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ అంటించాడు. స్వామి ఉన్నాక అది దేవుడి గదే కదా. అందుకని ఆ కారులో ఎవరూ చెప్పులతో కూర్చోకూడదని నియమం పెట్టాడు. ఎక్కినవాళ్ళు తమ చెప్పులు ప్లాస్టిక్ సంచిలో వేసి ఒళ్ళో పెట్టుకోవాలి. తన చెప్పులు మాత్రం తన సీటు కిందికి తోసేవాడు. యజమానికి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి కదా మరి.

ఆ వేసవిలోనే తాతారావు చెల్లెలు నాగరత్నం కూతురికి పెళ్ళి కుదిరింది. నాగరత్నం కాపురం ఏటికి అవతల, లంకలో. పెళ్ళికూతురు పేరు ప్రవల్లిక. మన వైపు పెళ్ళికూతుర్ని వెదురుబుట్టలో కూర్చోబెట్టి మేనమామ పెళ్ళిపీటల దగ్గరికి మోసుకొస్తాడు. పూర్వం పెళ్ళికూతుళ్ళు ఎనిమిదేళ్ళ పిల్లలు. బుట్ట సులువు. ఇప్పుడు చదువులు ముగించుకుని, ఉద్యోగాల్లో చేరి, సుఖంగా భోంచేసిన పెళ్ళికూతుళ్ళు. బుట్ట అదే, మేనమామ నడుమే మారాలి. కొన్ని పెళ్ళిళ్ళలో బుట్టను నేలమీద పెట్టి ఊరికే చెయ్యి ఆనించి, మోసినట్టు ఫొటో తీయించుకుంటున్నారు. తాతారావుకు అది నచ్చదు. పెళ్ళి కుదిరిన నాటి నుంచీ ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు ఎత్తి దించుతూ సాధన చేశాడు. పనివాళ్ళు చాటుగా నవ్వుకున్నారు.

నాగరత్నం ఫోను చేసి, "అన్నయ్యా, బుట్ట నువ్వే ఎత్తాలి. పొద్దున్నుంచీ అదే పాట నీ మేనకోడలిది. మామయ్య ఎత్తకపోతే బుట్టెక్కనంటోంది" అంది.

"నేను కాకపోతే ఇంకెవడు ఎత్తుతాడే? దానికి గోరుముద్దలు తినిపించిన చేతులివి" అన్నాడు తాతారావు. పిల్లల్లేని ఆయనకు ప్రవల్లిక ఒక్కత్తే ముద్దు.

ముహూర్తం మిట్టమధ్యాహ్నం. పొద్దున్నే బయలుదేరారు. తాతారావు పట్టుపంచె, పట్టు కండువా, అంచులు మెరిసే కొత్త తోలుచెప్పులు. చెప్పులు సీటు కిందికి పోయాయి. భ్రమరాంబ ఆకుపచ్చ చీర, ఒళ్ళో సారె పళ్ళెం, పక్కన ప్లాస్టిక్ సంచిలో ఆవిడ చెప్పులు.

"వంతెన మీంచి వెళదామండీ. చుట్టయినా ఖాయంగా చేరతాం" అంది ఆవిడ.

"వంతెన దారిలో రైలు గేటు ఉంది. ఆ గేటు నన్ను చూసే వేస్తారు వాళ్ళు. పంటు మీద దాటేద్దాం."

పంటు అంటే తెలియని పిల్లలకు చెప్పాలి. రెండు మూడు పెద్ద పడవల వెడల్పున చదునైన ఇనుప నేల, పక్కన ఇంజను. మనుషులు, మోటారు సైకిళ్ళు, ఆటోలు, కార్లు అన్నీ దానిమీదే. ముందు, వెనక ఇనుప పలకలుంటాయి. రేవు చేరాక పలకను ఒడ్డుమీదికి దించితే దానిమీద నుంచి బళ్ళు దిగుతాయి. ఏరు దాటుతున్నంత సేపూ బళ్ళు దొర్లకుండా చక్రాల కింద చెక్క దిమ్మలు పెడతారు.

రేవులో బళ్ళ వరస ఉంది. తాతారావు వరస పక్కనుంచి పోనిచ్చి అందరికంటే ముందు పంటెక్కాడు. ఆయన వెనక ఒక ఆటో ఎక్కింది. దాంట్లో సన్నాయి మేళం వాళ్ళు. వాళ్ళూ ప్రవల్లిక పెళ్ళికే వెళుతున్నారు. వాళ్ళలో డోలు వాయించే అప్పన్న మాటకారి.

"తాతారావుగారు ముందుంటే మాకు దిగులేటండీ! మేనమామ లేందే పెళ్ళికూతురు లేవదు, మేం లేందే ముహూర్తం లేవదు" అన్నాడు నవ్వుతూ.

భ్రమరాంబ గాలికోసం కిందికి దిగి, పంటు అంచున నిలబడింది. తాతారావు దిగలేదు. బయట ఎండ. ఇంజను ఆన్‌లోనే ఉంచి, ఏసీ పెట్టుకుని, సీటు వెనక్కి జరిపి కాళ్ళు చాపాడు. ఏసీలో ఏరు దాటడం ఆయనకు అదే మొదలు. కళ్ళు మూతలు పడ్డాయి.

సీటు వెనక్కి జరిగేసరికి కింద ఉన్న కొత్త చెప్పులు బయటపడ్డాయి. చాపిన కాలి మడమ తగిలి ఒక చెప్పు ముందుకు జారింది. జారి, బ్రేకు పెడల్ వెనకకు పోయి, మందపాటి మడమ భాగం నేలకూ ముందుభాగం పెడల్‌కూ ఆని, దూలం కింద ఊత పెట్టినట్టు బిగుసుకుంది. నిద్రలో ఉన్న ఆయన కాలే ఇంకోసారి తన్ని దాన్ని ఇంకా బిగించింది. ఈ సంగతి తాతారావుకు తెలియదు. మనకు తెలుసు. డ్యాష్‌బోర్డు మీది స్వామికి తెలుసు.

పంటు అవతలి రేవుకు తగిలింది. ఆ కుదుపుకు తాతారావు లేచి, సీటు ముందుకు జరుపుకుని, చేతి బ్రేకు దించేశాడు. పంటు మీద పనిచేసే ఏసు అనే కళాసీ పలక దించి, కారు చక్రాల కింది దిమ్మలు లాగేసి, "రండి బాబూ, రండి రండి" అని చెయ్యి ఊపాడు. భ్రమరాంబ వచ్చి కారెక్కింది.

తాతారావు బ్రేకు మీద కాలు వేశాడు. రాయిలా ఉంది. కొత్త బండి, బిగువు తగ్గలేదనుకున్నాడు. గేరు రాడ్డు లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. ఊహూఁ.

"రావట్లేదా అండీ?" అంది భ్రమరాంబ.

"వస్తుంది."

"ఎందుకు రావట్లేదో చూడండి మరి."

"ఎందుకో తరవాత చూద్దాం. ముందు రానీ."

ఆవిడకు ఈ మాట కొత్త కాదు. సారె పళ్ళెం తీసుకుని తలుపు తీసింది. "నేను దిగి ఒడ్డున నిలబడతాను. మీరు రండి." సంచిలోంచి చెప్పులు తీసి వేసుకుని, నడిచేవాళ్ళతో పాటు పలక దాకా వెళ్ళింది.

ఈలోపు కారు చుట్టూ జనం చేరారు. ఎవరి బండి ఆగినా ఆగి చూడని మనిషి, చూసి సలహా ఇవ్వకుండా పోయే మనిషి మా గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. అది మంచితనమే. కాకపోతే పదిమంది మంచితనం ఒక్కసారి మీద పడితే తట్టుకోవడం కష్టం.

"ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యండి."

ఆపి చేశాడు. లాభం లేదు.

"బండి బరువంతా గేరు మీద పడితే పట్టేస్తాదండి. మా బావ కారుకి ఇలాగే అయ్యింది. ఊపితే వదుల్తాది."

నలుగురు చేరి కారును ముందుకూ వెనక్కూ ఊపారు. లోపల స్వామి ఊగాడు, తాతారావు ఊగాడు. రాడ్డు మాత్రం ఊగలేదు.

"కొన్నప్పుడు నిమ్మకాయ తొక్కించారా?" అన్నాడొకడు.

"నిన్ను తొక్కిస్తాను, పక్కకు జరుగు" అన్నాడు తాతారావు.

వెనకనుంచి అప్పన్న, "బాబూ, మేళం ఆటో మీ వెనకాలే ఉండిపోయింది. మీరు కదిల్తేనే మేం కదిలేది. అవతల సూరిబాబు నడినెత్తికొచ్చేత్తన్నాడు" అని కేకేశాడు. నాగరత్నం ఇంటి నుంచి ఫోన్లు రావడం మొదలైంది. తాతారావు ఎత్తలేదు. ఆయన కళ్ళ ముందు ఒకటే కనబడుతోంది. బుట్టలో ప్రవల్లిక, ఎత్తడానికి చేతులు చాపుతున్న వేరే ఎవరో.

చివరికి సర్వీసు సెంటరుకు ఫోను చేశాడు. ఒక అమ్మాయి ఎత్తింది. చాలా మర్యాదగా మాట్లాడింది. మర్యాద ఎక్కువైనకొద్దీ తాతారావుకు ఓపిక తగ్గుతుంది.

"గేరు పార్కులో ఇరుక్కుందా సార్? తప్పకుండా సాయం చేస్తాను సార్. కొన్ని ప్రశ్నలడుగుతాను. ఇంజను ఆన్‌లో ఉందా సార్?"

"ఉంది."

"బ్రేకు పెడల్ బాగా కిందికి దిగుతోందా సార్?"

"దిగుతోంది."

"పెడల్ కింద కాళ్ళ దగ్గరి మ్యాటు మడతపడిందేమో, నీళ్ళ సీసాలాంటిది ఏదైనా అడ్డం పడిందేమో, ఒకసారి వంగి చూస్తారా సార్?"

ఇక్కడ తాతారావు వంగి ఉంటే ఈ కథ లేదు. కానీ పట్టుపంచె కట్టిన భారీ మనిషి, స్టీరింగు ఒకపక్క, బొజ్జ ఒకపక్క. వంగడం పెద్ద పని. పైగా అడిగింది చేసి చూపించడం ఆయనకు అలవాటు లేదు.

"చూశానమ్మా. ఏమీ లేదు."

"బ్రేకు తొక్కినప్పుడు వెనక ఎర్రదీపాలు వెలుగుతున్నాయా సార్?"

"ఓ, దీపావళిలా వెలుగుతున్నాయి."

వెనకనుంచి అప్పన్న, "ఎక్కడండీ బాబూ! ఒక్కటీ ఎలగట్లేదు" అన్నాడు.

"ఎవరో వెలగట్లేదంటున్నారు సార్" అంది ఆ అమ్మాయి.

"ఆయన డోలు వాయించే ఆయనమ్మా. ఆయన మాటకేం? తీసే దారి చెప్పు నువ్వు. అవతల నా మేనకోడలి పెళ్ళి."

పెళ్ళి అన్నాక ఎవరికైనా జాలి కలుగుతుంది, ఆ అమ్మాయికీ కలిగింది. "అన్నీ బాగున్నాయంటున్నారు కాబట్టి చెబుతున్నాను సార్. గేరు రాడ్డు పక్కన చిన్న మూత ఉంటుంది. అది తీస్తే లోపల కన్నం. దాంట్లో సన్నటి స్క్రూడ్రైవరు పెట్టి నొక్కి పట్టుకుంటే లాకు వదులుతుంది, రాడ్డు కదులుతుంది. అయితే సార్, అది చేసే ముందు తప్పనిసరిగా—"

తాతారావు ఫోను కట్ చేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు కావలసిన మాట దొరికింది. 'అయితే' తరవాత వచ్చే మాటలు ఆయన జీవితంలో ఎప్పుడూ వినలేదు.

మేళం ఆటోలోంచి స్క్రూడ్రైవరు తెప్పించాడు. మూత ఊడబెరికాడు. కన్నంలో పెట్టి కసిగా నొక్కి, రాడ్డు లాగాడు.

వచ్చింది! 'పి' లోంచి ఊడి, తిన్నగా 'డి' లోకి దిగింది. ఇంత సేపూ మొండికేసిన వస్తువు చేతికి లొంగితే మనిషికి కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. తాతారావు తలెత్తి చుట్టూ చూశాడు. "చూశారా? ఎందుకు, ఎందుకు అని కూర్చుంటే పనులవుతాయా?" అన్నాడు.

కారు ముందుకు పాకింది.

మెల్లిగానే పాకింది. ఏసు, "ఆగండి బాబూ, పలక మీద మనుషులున్నారు" అన్నాడు. తాతారావు బ్రేకు తొక్కాడు. పెడల్ దిగలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. రాయి. రెండు కాళ్ళతో తొక్కాడు. రాయి. చక్రాల కింద దిమ్మలు లేవు. చేతి బ్రేకు దించి ఉంది. 'పి' ఒక్కటే ఇంత సేపూ కారును పట్టుకుని ఉంది. దాన్ని ఇప్పుడే తన చేతులతో ఊడదీశాడు. పంటు నేల వాలిన చోటికి చక్రాలు చేరాక కారు వేగం పుంజుకుంది.

పలక చివర భ్రమరాంబ నిలబడి ఉంది. అటు తిరిగి, ఒడ్డున పూలమ్మే ఆవిడతో మాట్లాడుతోంది. చేతుల్లో సారె పళ్ళెం. ఆకుపచ్చ చీర, జడలో సన్నజాజులు.

తాతారావు హారన్ కొట్టాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, 'వినబడిందిలెండి, వస్తున్నాను' అన్నట్టు చెయ్యి ఊపింది. ఇన్నేళ్ళుగా ఆయన కొట్టే హారన్లన్నీ తొందరపెట్టే హారన్లే. ఇది వేరే హారనని ఆవిడకు ఎలా తెలుస్తుంది?

"అంబా!" అని భార్యను అరిచి పిలిచాడు. అద్దాలు మూసి ఉన్నాయి. ఏసీ చల్లగా వీస్తోంది.

ఆ క్షణంలో ఆయనకు గేరూ గుర్తులేదు, చేతి బ్రేకూ గుర్తులేదు. ఆకుపచ్చ చీర ఒక్కటే కనిపిస్తోంది, పెద్దదవుతోంది. స్టీరింగును బలమంతా పెట్టి పక్కకు తిప్పేశాడు. కారు పలక అంచు దాటి, ముక్కు కిందికి వంచి, గోదావరిలోకి దభీమని దిగింది. దిగిన దెబ్బకు స్టీరింగు గిర్రున వెనక్కి తిరిగి ఆయన కుడిచేతి మణికట్టును మెలిపెట్టింది.

రేవు దగ్గర నీళ్ళు మొలలోతే. ఇంజను రెండుసార్లు గుడగుడమని ఆగిపోయింది. చినుకులు పడ్డట్టయి భ్రమరాంబ వెనక్కి తిరిగి చూసేసరికి, కొత్త కారు సగం నీళ్ళలో, లోపల భర్త.

ఏసూ, అప్పన్నా ఇంకా ఇద్దరు దూకి, వెనక తలుపులోంచి ఆయన్ని బయటికి లాగారు. పట్టుపంచె నడుముకు అతుక్కుపోయింది. ఏసు కారును నెట్టించే ముందు చక్రాలు పట్టేశాయేమోనని లోపలికి వంగి పెడల్సు తడిమాడు. ఏదో చేతికి తగిలింది. బలంగా లాగాడు. తోలుచెప్పు.

"బ్రేకు ఎనకాల ఇరుక్కుందండీ ఇది" అని ఇచ్చాడు. వెక్కిరించలేదు. ఒడ్డున పోగైన మనుషులు కూడా నవ్వలేదు. వాళ్ళు చెప్పు వైపు చూశారు, తరవాత పలక చివర నిలబడ్డ భ్రమరాంబ వైపు చూశారు.

తాతారావు తడి చెప్పు ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. రాడ్డు ఎందుకు రానన్నదో ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. బ్రేకు దిగట్లేదు కాబట్టి రానన్నది. ఆపలేని బండిని నీకివ్వనన్నది. అంతకంటే నమ్మకంగా చెప్పగలిగిన వస్తువు ఆ పంటు మీద లేదు. దాని నోరు నొక్కింది తనే.

భ్రమరాంబ దగ్గరికొచ్చి, పళ్ళెం కింద పెట్టి, కొంగుతో ఆయన ముఖం తుడిచింది. "నేనక్కడే నిలబడి ఉన్నానండీ" అంది.

జేబులో ఫోను మోగింది. అది తడవలేదు. సర్వీసు సెంటరు అమ్మాయి.

"సార్, లైను కట్టయింది. మూత తీసే ముందు తప్పనిసరిగా చేతి బ్రేకు వేసి, ఇంజను ఆపాలని చెప్పబోయాను సార్. గేరు కదిలిందా సార్?"

"కదిలిందమ్మా."

"సంతోషం సార్. మా సేవకు అయిదులో ఎన్ని మార్కులిస్తారు సార్?"

"అయిదూ వేసుకో తల్లీ. వినకపోవడం నాది" అన్నాడు తాతారావు. ఆ వయసులో ఆయన ఒప్పుకున్న మొదటి తప్పు అదే. అదీ ముఖం తెలియని మనిషి దగ్గర. ముఖం తెలిసినవాళ్ళ దగ్గర ఒప్పుకోవడం కష్టమని లోకానుభవం ఉన్నవాళ్ళంటారు.

కారును రేవులో వదిలి, మేళం ఆటోలో పెళ్ళికి వెళ్ళారు. సన్నాయి ఒకళ్ళ ఒళ్ళో, డోలు ఒకళ్ళ ఒళ్ళో, తడి పంచెతో మేనమామ అంచున. దారిలో మణికట్టు గుమ్మడిపండులా వాచింది.

పెళ్ళివారింట్లో అందరూ గుమ్మంలోనే ఉన్నారు. నాగరత్నం అన్న వాలకం చూసి, "ఏమైంది అన్నయ్యా?" అని గుండె బాదుకుంది.

"ఏటిలో పడ్డానే. తరవాత చెబుతాను. పిల్లేది?"

ప్రవల్లిక బుట్ట పక్కనే నిలబడి ఉంది. ముహూర్తం దగ్గరపడుతోంది, పంతులుగారు తొందరపెడుతున్నారు. తాతారావు వంగి బుట్ట అంచు పట్టుకున్నాడు. మణికట్టులో నొప్పి భుజం దాకా పాకింది. బుట్ట ఖాళీగా ఉన్నప్పుడే లేవలేదు. అన్ని రోజులు ఐసు దిమ్మలు ఎత్తిన చెయ్యి.

ఆయన పెదనాన్న కొడుకు దొరబాబు పక్కనే ఉన్నాడు. నెమ్మదస్తుడు. అడగకుండా ముందుకు రాలేదు.

"దొరబాబూ, నువ్వెత్తరా" అన్నాడు తాతారావు.

"మామయ్యా!" అంది ప్రవల్లిక. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. "నువ్వు ఎత్తుతానన్నావు."

"అన్నానమ్మా. నా తొందర నా చెయ్యి విరిచింది. దొరబాబు కూడా నీకు మేనమామేగా. ఎక్కు తల్లీ, ముహూర్తం దాటిపోతుంది."

ఆ పిల్ల ఎక్కింది. దొరబాబు, ఇంకో ఇద్దరు బుట్ట ఎత్తారు. తాతారావు పక్కన నడిచాడు. ఎడమచెయ్యి బుట్ట అంచు మీద ఊరికే ఆనించి ఉంచాడు. ఏ బరువూ లేదు దాంట్లో. మోసినవాళ్ళ కంటే ఎక్కువ చెమట మాత్రం ఆయనకే పట్టింది. అప్పన్న డోలు గట్టిగా వాయించాడు.

పీటల మీద పెళ్ళికొడుకు, ఎదురుగా పెళ్ళికూతురు, మధ్య తెర పట్టుకున్నారు. జీలకర్ర బెల్లం పెట్టేదాకా ఒకరినొకరు చూసుకోకూడదు. ఫొటోలు తీసే అతను అటూ ఇటూ తిరిగి విసుక్కున్నాడు.

"ఆ తెర కాస్త దించండి సార్. ఇద్దరూ ఒక ఫ్రేములో రావట్లేదు. ఏమవుతుంది?"

తెర పట్టుకున్నవాళ్ళు తాతారావు వైపు చూశారు. ఆయన సంగతి అందరికీ తెలుసు. కిందటేడు ఇంకో పెళ్ళిలో, "ఏటయ్యా ఈ అడ్డు, తియ్యండి" అని తెర లాగేసింది ఆయనే.

తాతారావు వాచిన చెయ్యి కండువాలో వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చూపు జనంలోకి వెళ్ళింది. ఆడవాళ్ళ మధ్య ఆకుపచ్చ చీర, అక్షింతలు పట్టుకున్న రెండు చేతులు.

"ఉండవయ్యా" అన్నాడు ఫొటో అతనితో. "అది అక్కడ ఎందుకు పట్టుకున్నారో ముందు పంతులుగార్ని అడుగు. దించాల్సినప్పుడు వాళ్ళే దించుతారు."

అన్నట్టే, మంత్రం పూర్తయ్యాక వాళ్ళే దించారు.

నీతి: అడ్డును తొలగించే ముందు, అది అక్కడ ఎవరిని కాపాడుతోందో కనుక్కోవాలి.